అంకె తేడాగా ఉంది, పాప బాగానే ఉంది

నా ఫ్రీజర్‌లో మైనస్ 80 డిగ్రీల చలిలో దాచిన శాంపిల్స్‌లో ఎక్కువ భాగం జబ్బుపడ్డ పిల్లలవి కావు. నిక్షేపంగా ఉన్న పిల్లలవి. బడికి వెళ్తున్నారు, గోడలెక్కుతున్నారు, తమ్ముళ్లతో కొట్టుకుంటున్నారు. పుట్టిన రెండో రోజో మూడో రోజో తీసిన రక్తంలో ఏదో ఒక అంకె ఉండాల్సిన దానికన్నా ఎక్కువుంది, లేదా తక్కువుంది. అంతే. ఆ అంకె పుణ్యమా అని నా ఫైళ్లలోకి వచ్చారు. కొందరు ఏళ్లు గడిచినా ఇంకా బయటికి వెళ్లలేదు.

పిల్లలకు పుట్టుకతో వచ్చే మెటబాలిక్ జబ్బుల మీద, అంటే తిన్నదాన్ని ఒళ్లు విడగొట్టి వాడుకోవడంలో వచ్చే లోపాల మీద పరిశోధన అనగానే బయటివాళ్లు కొత్త జన్యువు కనిపెట్టడం, కొత్త మందు తేవడం లాంటివి ఊహించుకుంటారు. అవి చేసేవాళ్లు ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. నేను ఎక్కువగా చేసేది వేరే పని. ఇప్పటికే కనిపెట్టేసిన తేడాల్లో ఏది నిజంగా జబ్బు, ఏది కాదు అని తేల్చడం. దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదిలేయాలి అని చూడటం. ఈ మాట చెప్తే పెళ్లిళ్లలో చుట్టాలు ఇంప్రెస్ అవరు. గ్రాంటు కమిటీలు అసలే అవవు.

ఆ అంకె ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. బిడ్డ మడమ మీద చిన్న సూదితో గుచ్చి నాలుగైదు రక్తపు చుక్కలు మందపాటి ఫిల్టర్ పేపరు మీదకి తీసుకుంటారు. అది ఆరాక ల్యాబుకు పంపుతారు. ఈ పద్ధతిని అమెరికాలో రాబర్ట్ గత్రీ 1960ల మొదట్లో తెచ్చారు. ఆయన కొడుక్కి మానసిక ఎదుగుదల లోపం ఉండేది. దగ్గరి బంధువుల పాపకు ఫినైల్‌కీటోన్యూరియా ఉండేది. ప్రోటీన్‌లో ఉండే ఫినైల్ఎలనిన్ అనే పదార్థాన్ని శరీరం విడగొట్టలేక, అది పేరుకుపోయి మెదడును దెబ్బతీసే జబ్బు అది. పుట్టగానే పట్టుకుని ఆహారం మారిస్తే పిల్లలు మామూలుగా ఎదుగుతారు. ఆలస్యమైతే పోయింది తిరిగిరాదు. గత్రీ ఒక బాక్టీరియాతో, కాస్త పేపరుతో చవకైన పరీక్ష తయారుచేశారు. 1963లో మసాచుసెట్స్ రాష్ట్రం దాన్ని పుట్టిన ప్రతి బిడ్డకూ తప్పనిసరి చేసింది.

అది ఒక్క జబ్బుకు ఒక్క పరీక్ష. 1990లలో టాండెం మాస్ స్పెక్ట్రోమీటర్ అనే, పదార్థాలను వాటి బరువును బట్టి గుర్తుపట్టి కొలిచే మెషీన్ వచ్చాక కథ మారింది. డ్యూక్ యూనివర్సిటీలో డేవిడ్ మిల్లింగ్టన్ బృందం అదే ఎండిన చుక్కలోంచి 3 మిల్లీమీటర్ల ముక్క కోసి, రెండు మూడు నిమిషాల్లో పదుల కొద్దీ పదార్థాలు ఒకేసారి కొలవొచ్చని చూపించింది. అంతకుముందు పేరు కూడా వినని జబ్బులు ఒక్కసారిగా పట్టుబడటం మొదలైంది.

పుట్టిన పిల్లలందరికీ ఇలా పరీక్ష చేసే స్క్రీనింగ్ మీద నేనిప్పుడు నసుగుతున్నానని ఎవరైనా అనుకోకముందే ఎంక్యాడ్ గురించి చెప్తాను. కొవ్వును కాల్చి శక్తిగా మార్చే ఎంజైముల్లో ఒకటి లోపించే జబ్బు ఇది. పాప పాలు తాగినంతకాలం ఏమీ తెలియదు. ఒక రాత్రి జ్వరమొచ్చి, వాంతులై, పాలు తాగకుండా నిద్రపోతుంది. ఒంట్లో ఉన్న గ్లూకోజ్ అయిపోతుంది, కొవ్వును వాడుకుందామంటే ఎంజైము లేదు. స్క్రీనింగ్ లేని రోజుల్లో తొలి దెబ్బకే నలుగురైదుగురిలో ఒకరు చనిపోయేవాళ్లు. నిద్రలో ఎందుకు పోయిందో ఎవరికీ తెలిసేది కాదు. ఇంతా చేసి దీనికి వైద్యం ఏమిటి? పిల్లల్ని ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకూడదు. జబ్బుపడి ఏమీ తాగకపోతే వెంటనే ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించాలి. అంతకుమించి మందేమీ అక్కర్లేదు. ముందుగా తెలియడమే వైద్యం. ఇలాంటి జబ్బు ఒక్కటి ఉన్నా ఆ పరీక్ష ఉండాల్సిందే అనేది నా పక్షం.

అయితే మెషీన్‌కు జబ్బు సంగతి తెలియదు. దానికి తెలిసింది బరువు, పరిమాణం. ఎంత దాటితే ఫోన్ చేయాలో నిర్ణయించేది మనుషులు. ఆ గీత కాస్త పైకి పెడితే ఒక నిజమైన కేసు జారిపోవచ్చు. కిందకి దించితే ఏ జబ్బూ లేని పిల్లల ఇళ్లకు ఫోన్లు వెళ్తాయి. మధ్యలో ఇంకో రకం ఉంది, నాకు పని పెట్టేది అదే. అంకె నిజంగానే తేడా, జన్యువులో మార్పు నిజంగానే ఉంది, ఎంజైము నిజంగానే తక్కువ, కానీ పాపకేమీ లేదు. రేపు వస్తుందా? ఎప్పటికీ రాదా?

దీనికి మా రంగంలో పాత ఉదాహరణ హిస్టిడినీమియా. కొత్తగా చేరిన వాళ్లకు నేను మొదట చెప్పే కథ ఇదే. 1961లో దీని గురించి తొలిసారి రాశారు. రక్తంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉంటుంది, దాన్ని విడగొట్టే ఎంజైము పనిచేయదు. అప్పట్లో దొరికిన పిల్లల్లో చాలామందికి మాటలు ఆలస్యంగా వచ్చాయి, కొందరికి బుద్ధి ఎదుగుదల తక్కువ. పైగా ఫినైల్‌కీటోన్యూరియాను పట్టించే మూత్ర పరీక్షలో వచ్చే ఆకుపచ్చ రంగే ఇక్కడా వస్తుంది. ఇంకేం కావాలి? ఇదీ అలాంటిదేనని తీర్మానించేశారు. హిస్టిడిన్ తగ్గించిన ఆహారం తయారుచేసి పిల్లలకు పెట్టారు. జపాన్ 1977లో దేశమంతటా స్క్రీనింగ్ మొదలుపెట్టినప్పుడు జాబితాలో దీన్నీ చేర్చింది.

లోపం ఎక్కడుందంటే, ఆ తొలి పిల్లలు ఎలా దొరికారన్న దాంట్లో. మాటలు రాని పిల్లల్ని, ఎదుగుదల లేని పిల్లల్ని డాక్టర్ల దగ్గరికి తీసుకొచ్చారు కాబట్టి వాళ్లకే మూత్ర పరీక్షలు చేశారు. హిస్టిడిన్ ఎక్కువుండి, గలగలా మాట్లాడే పిల్లవాడికి ఆ పరీక్ష ఎవరు చేస్తారు? ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి లెక్క తీస్తే ఊరంతా జబ్బుతో ఉన్నట్టే కనిపిస్తుంది. పుట్టిన పిల్లలందర్నీ వరసగా పరీక్షించి, హిస్టిడిన్ ఎక్కువున్న వాళ్లను ఏ ఆహార మార్పూ లేకుండా ఏళ్ల తరబడి గమనించి, తోడబుట్టిన వాళ్లతో పోల్చి చూస్తే తేడా ఏమీ కనిపించలేదు. హార్వీ లెవీ, చార్లెస్ స్క్రైవర్ లాంటివాళ్లు 1983లో ఈ రెండు రకాల లెక్కలనూ పక్కపక్కన పెట్టి విడమరిచారు. 1992లో జపాన్ దాన్ని జాబితాలోంచి తీసేసింది. మధ్యలో పదిహేనేళ్లు గడిచాయి. ఆ పదిహేనేళ్లలో ఎన్ని కుటుంబాలు తమ పిల్లల మెదడు గురించి భయపడి ఉంటాయో ఊహించుకోండి.

అసలు మా రంగం పుట్టుకలోనే ఈ చిక్కు ఉంది. ఆర్చిబాల్డ్ గారడ్ 1908లో లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలు అని నాలుగింటిని చూపించారు. ఆల్కాప్టోన్యూరియా, ఆల్బినిజం, సిస్టిన్యూరియా, పెంటోస్యూరియా. చివరిది జబ్బే కాదు. ఒక రకం చక్కెర మూత్రంలో పోతుంటుంది, మనిషికి ఏ నష్టమూ ఉండదు. కానీ పాతకాలపు చక్కెర పరీక్షలో అది గ్లూకోజ్ లాగే కనిపించేది. దాంతో కొందరికి మధుమేహం అని చెప్పి అక్కర్లేని వైద్యం చేశారు. 1930లలో మార్గరెట్ లాస్కర్ అనే శాస్త్రవేత్త ఇలాంటి కుటుంబాలను వెతికి పట్టుకుని, వాళ్ల వివరాలు ఓపిగ్గా రాసిపెట్టారు. 2011లో మేరీ క్లెయిర్ కింగ్ బృందం ఆ జన్యువును కనిపెట్టింది ఆమె రాసిన కుటుంబాల ఆధారంగానే. ఆరోగ్యవంతుల గురించి అంత శ్రద్ధగా నోట్స్ రాసిన లాస్కర్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. మా ల్యాబులో ఎవరైనా "బాగానే ఉన్నారు కదా, ఫాలోఅప్ దేనికి" అంటే ఆమె పేరు చెప్తాను. అందరూ కళ్లు తిప్పుకుంటారు, చాలాసార్లు విన్నారు మరి.

ఇప్పుడు అసలు మనుషుల దగ్గరికి వస్తాను. వివరాలు కొంచెం మార్చి చెప్తున్నాను.

పాపకి నెల కూడా నిండలేదు. సీఫైవ్ఓహెచ్ అని మేము పిలిచే పదార్థం రక్తపు చుక్కలో ఎక్కువగా వచ్చింది. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టే దారిలో ఎక్కడో అడ్డం పడితే అది పెరుగుతుంది. తల్లి రాత్రంతా నిద్రపోలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. పక్కన అమ్మమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మేడమ్, అవన్నీ నాకు అర్థం కావు. జబ్బు ఉన్నట్టా, లేనట్టా?"

"ముందు మీ రక్తం కూడా ఒకసారి చూడాలమ్మా."

"నాదెందుకు? నాకేమైంది?"

పాప అంకె వారం వారం తగ్గుతూ వచ్చింది. తల్లి అంకె మాత్రం పాప కంటే చాలా ఎక్కువ. అంటే లోపం తల్లిది. ఆమెకు త్రీ ఎంసీసీ అనే ఎంజైము లేదు, పుట్టినప్పట్నుంచీ లేదు. ఆమె ఒంట్లో పేరుకున్నదే మాయ ద్వారా పాపకు చేరింది. ఈ సంగతి చెప్పగానే తల్లి ఏడుపు మొదలుపెట్టింది. అమ్మమ్మ మాత్రం నా వైపు చూసి, "ముప్పై ఏళ్లుగా లేని జబ్బు ఇప్పుడెక్కణ్నుంచి వచ్చిందండీ దీనికి? రెండు కాన్పులు చేసుకుంది, ఒక్క రోజు మంచం ఎక్కలేదు" అంది.

ఆవిడ అడిగిన ప్రశ్ననే మా రంగం 1990ల చివర్లో అడగడం మొదలుపెట్టింది, ఇలాంటి తల్లులు ఒకరి తర్వాత ఒకరు బయటపడ్డాక. అంతకుముందు మాకు తెలిసిన త్రీ ఎంసీసీ పిల్లలు కోమాలోకి వెళ్లినవాళ్లు, ఫిట్స్ వచ్చినవాళ్లు. స్క్రీనింగ్ మొదలయ్యాక తేలిందేమిటంటే, ఆ ఎంజైము లేనివాళ్లలో అత్యధికులకు ఏమీ కాదు. కొన్ని దేశాలు దాన్ని జాబితాలోంచి తీసేశాయి, కొన్ని ఇంకా ఉంచాయి. నేనైతే తీసేయాలనే పక్షం. మా మీటింగుల్లో దీని మీద గొంతులు పెరుగుతాయి. ఒక సీనియర్ సహోద్యోగి తన కెరీర్‌లో కోమాలో వచ్చిన త్రీ ఎంసీసీ బిడ్డను చూశారు, ఆయన్ని ఒప్పించడం నా వల్ల కాదు. నేను ఆయన స్థానంలో ఉంటే నన్నూ ఎవరూ ఒప్పించలేకపోయేవారేమో.

"అయితే ఏం పోయింది? ఒక ఫోను, ఒక రక్త పరీక్ష, తర్వాత అంతా బాగుందని చెప్పేస్తారు కదా" అనేవాళ్లున్నారు. 2003లో సూసన్ వైస్‌బ్రెన్ బృందం ప్రచురించిన పరిశోధన వాళ్లు చదవాలి. స్క్రీనింగులో తేడా అని వచ్చి తర్వాత ఏమీ లేదని తేలిన పిల్లల్లో 21 శాతం మంది తర్వాత ఆసుపత్రిలో చేరారు. మొదటే నార్మల్ వచ్చిన పిల్లల్లో ఇది 10 శాతమే. తల్లిదండ్రుల టెన్షన్ కూడా ఎక్కువగానే ఉంది. పిల్లలు ఎక్కువ జబ్బుపడ్డారని కాదు నేను దీన్ని చదివే పద్ధతి. ఒకసారి ఆ ఫోన్ ఎత్తిన తల్లి ఆ తర్వాత ప్రతి తుమ్ముకూ భయపడుతుంది, ఆమెను చూసి డాక్టరు కూడా భయపడతాడు.

ఇలా నిక్షేపంగా ఉన్న పిల్లల మీద చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది డ్యుయార్టే గాలక్టోసీమియా మీద వచ్చింది. అసలు గాలక్టోసీమియా ప్రాణాంతకం, పాలలోని చక్కెర ఒంటికి పడదు, కొన్ని రోజుల్లో కాలేయం దెబ్బతింటుంది. పాలు ఆపేయడం తప్ప దారి లేదు. డ్యుయార్టే రకంలో ఎంజైము పూర్తిగా పోదు, నాలుగో వంతు వరకూ ఉంటుంది. వీళ్లకు పాలు ఆపాలా వద్దా? దశాబ్దాల పాటు ఒక్కో ఆసుపత్రి ఒక్కో మాట చెప్పింది. ఒకచోట మొదటి ఏడాదంతా తల్లిపాలు మానిపించేవారు, ఇంకోచోట ఏమీ అనేవారు కాదు. అక్కడ మానిపించిన తల్లికి ఇక్కడి సంగతి తెలియదు. చివరికి జుడిత్ ఫ్రిడోవిచ్ కైల్ బృందం 6 నుంచి 12 ఏళ్ల వయసున్న 350 మంది పిల్లల్ని పరీక్షించింది. డ్యుయార్టే ఉన్నవాళ్లు, లేని తోబుట్టువులు, పాలు తాగినవాళ్లు, మానేసినవాళ్లు. 2019లో ఫలితం వచ్చింది. ఎదుగుదలలో తేడా లేదు.

"తేడా లేదు" అనే రెండు మాటల కోసం ఎంత శ్రమ పడాలో బయటివాళ్లకు చెప్పడం కష్టం. కుటుంబాలు ఊళ్లు మారతాయి, నంబర్లు మారతాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లవాణ్ని తీసుకుని ఒక పూట సెలవు పెట్టి ఎవరొస్తారు? రానివాళ్లంతా బాగానే ఉన్నారని అనుకోవడానికి లేదు, బాగా లేక రానివాళ్లూ ఉండొచ్చు. పోల్చడానికి మామూలు పిల్లలు కావాలి, వాళ్ల తల్లిదండ్రులకు ఇందులో ఒరిగేదేమీ లేదు. ఇదంతా అయ్యాక దరఖాస్తులో "మేము ఏమీ కనిపెట్టలేకపోవచ్చు, అదే మా అంచనా" అని రాయాలి. డబ్బులిచ్చేవాళ్లకు ఆ వాక్యం రుచించదు. ఒకసారి ఒక రివ్యూయర్ "ఇందులో కొత్తదనం లేదు" అని రాశాడు. కొత్తదనం లేకపోవడమే కదయ్యా మేము నిరూపించాలనుకున్నది అని జవాబు రాద్దామనుకున్నాను. మర్యాదగా వేరేది రాశాను.

ల్యాబు బల్ల మీద మేం చేసేది దీనికి రెండో సగం. పిల్లవాడి చేతి మీద నుంచి మిరియపు గింజంత చర్మం తీసి, దాంట్లోంచి ఫైబ్రోబ్లాస్టులనే కణాలు పెంచుతాం. సరిపడా పెరగడానికి వారాలు పడుతుంది, ఈలోగా ఫంగస్ పడితే మళ్లీ మొదటికి. ఆ కణాలకు, జాడ పట్టుకోగలిగేలా ముందే గుర్తు వేసిన కొవ్వు ఆమ్లాలు పోసి, అవి ఎంతవరకు కాలాయి, ఎక్కడ ఆగిపోయాయి అని చూస్తాం. ఎంక్యాడ్ లోపముంటే ఎనిమిది కార్బన్ల దగ్గర గుట్టపడుతుంది. జబ్బుపడి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఆ జన్యువులో 985వ అక్షరం దగ్గర ఒకే మార్పు ఉంటుంది. స్క్రీనింగ్ మొదలయ్యాక 199వ అక్షరం దగ్గర ఇంకో మార్పు తరచుగా కనిపించింది. 2001లో దీన్ని ప్రచురించినప్పుడు, అప్పటిదాకా జబ్బుతో వచ్చిన పిల్లల్లో ఆ మార్పు ఒక్కరికీ కనిపించలేదని రాశారు. అంటే ఈ పిల్లలు ఇదివరకూ ఉన్నారు, ఎవరికీ కనపడకుండా పెరిగి పెద్దవాళ్లయ్యారు. మరి వాళ్లకు జాగ్రత్తలు చెప్పాలా వద్దా? ఆ మార్పున్న ఎంజైము మామూలు వేడి దగ్గర చాలావరకు పనిచేస్తుంది, వేడి పెరిగితే త్వరగా చెడిపోతుంది. కాబట్టి జ్వరంలో ఏమవుతుందో అని ఒక పీకులాట. నేను జాగ్రత్తలు చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ జాగ్రత్త అంటే పిల్లవాడికి వేళకు తిండి పెట్టడమే, నష్టమేమీ లేదు. జాగ్రత్త అంటే తల్లిపాలు ఆపడమో, ఎముక మజ్జ మార్చడమో అయినప్పుడు లెక్క వేరు.

డిష్‌లో కణాలు చెప్పేది కొంతే. వాటికి వాంతులు కావు, రాత్రి పాలు తాగనని మారాం చేయవు. అందుకే ఫ్రీజరూ కావాలి, ఫోనూ కావాలి.

జన్యు రిపోర్టుల్లో అయితే ఈ తేలని బాపతు కోసం ఏకంగా ఒక గడి ఉంది. 2015 నుంచి ప్రతి మార్పునూ ఐదు రకాల్లో ఒకటిగా రాస్తున్నాం. ఒక కొస జబ్బు తెచ్చేది, ఇంకో కొస హాని లేనిది, సరిగ్గా మధ్యలో అర్థం తేలనిది. ఆ మధ్య గడిని కన్నవాళ్లు దాదాపు ఎప్పుడూ "జబ్బు ఉంది, డాక్టర్లు చెప్పడం లేదు" అనే చదువుతారు. 2016లో 60,706 మంది జన్యు వివరాలు ఒకచోట చేర్చి చూసినప్పుడు, అప్పటి డేటాబేసుల్లో జబ్బు కారకం అని రాసి ఉన్న మార్పులు సగటున ఒక్కో మనిషిలో 54 వరకూ కనిపించాయి. అందరికీ అన్ని జబ్బులుండవు కదా. చాలా పాత పేపర్లలో రాసింది తప్పని అప్పుడు తేలింది. ఆసుపత్రి గేటు దగ్గర లెక్కలు మళ్లీ.

ఇంతవరకు చదివి, ఈవిడ అన్నింటినీ వదిలేయమంటోంది అనుకోవద్దు. క్రాబే అనే జబ్బు ఉంది. మెదడులో నరాల పైపొర నాశనమవుతుంది, తీవ్రమైన రకంలో బిడ్డ రెండేళ్లు బతకడం కష్టం. లక్షణాలు మొదలుకాకముందే, అంటే పుట్టిన మొదటి నెలలోనే, మజ్జ మార్పిడి లాంటిది చేస్తే కొంత ఆశ. న్యూయార్క్ రాష్ట్రం 2006లో దీనికి స్క్రీనింగ్ మొదలుపెట్టింది. మొదటి ఎనిమిదేళ్లలో దాదాపు 20 లక్షల మంది పిల్లల్ని చూస్తే ఎంజైము తక్కువని వందల మంది వచ్చారు. పసితనంలోనే వచ్చే అసలైన క్రాబే ఐదుగురికే ఉంది. మార్పిడి చేయించుకున్న వాళ్లలో ఇద్దరు ఆ వైద్యం వల్ల వచ్చిన చిక్కులతోనే చనిపోయారు. మిగతా వందల కుటుంబాలు? ఎంఆర్ఐలు, నరాల పరీక్షలు, వెన్ను నీరు. ఏమీ లేకపోయినా ఏళ్ల తరబడి అపాయింట్‌మెంట్లు. తర్వాత సైకోసిన్ అనే ఇంకో పదార్థాన్ని అదే ఎండిన చుక్కలో కొలిచే పద్ధతి వచ్చింది, తీవ్రమైన రకం పిల్లల్లో అది బాగా ఎక్కువుంటుంది. దాంతో అనవసరపు ఫోన్లు చాలా తగ్గాయి. ఇది ఏ టీవీలోనూ రాలేదు. నా దృష్టిలో మాత్రం గొప్ప పరిశోధన అంటే ఇదే.

తల్లుల విషయంలోనూ ఒక్క సూత్రం పనిచేయదు. త్రీ ఎంసీసీ అమ్మమ్మకు నేను ధైర్యంగా ఏమీ కాదని చెప్పగలిగాను. అదే ఇంకో బిడ్డ రక్తంలో కార్నిటిన్ (కొవ్వును కణంలో కాల్చే చోటికి మోసే పదార్థం) బాగా తక్కువుండి, వెతికితే లోపం తల్లిదని తేలితే అంత ధైర్యంగా మాట్లాడను. చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు, చాలామంది జీవితాంతం అలాగే ఉంటారు. కానీ ఫారో దీవుల్లో దాదాపు 300 మందిలో ఒకరికి ఈ లోపం ఉంది, అక్కడ ఇది ఉన్న యువతీయువకులు కొందరు ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోయారు. రోజూ కార్నిటిన్ వేసుకుంటే ఆ ముప్పును ఆపొచ్చు. కాబట్టి ఆ తల్లికి మందు రాసే పంపిస్తాను, ఆమె ఎన్ని మెట్లు ఎక్కి దిగుతానని చెప్పినా సరే. రక్తపు చుక్కలో మేము కొలిచే సీత్రీ అనే ఇంకో పదార్థం ఎక్కువొచ్చిన బిడ్డల్లోనూ అంతే, కొన్నిసార్లు తల్లికి బీ12 తక్కువుండటమే కారణం. ఇద్దరికీ బీ12 ఇస్తే సరిపోతుంది, ఇవ్వకపోతే తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మెదడు దెబ్బతింటుంది.

2025 మే తర్వాత నన్ను కలిసిన ప్రతివాళ్లూ కేజే గురించి అడుగుతున్నారు. ఆ బాబు 2024 ఆగస్టులో పుట్టాడు, అమ్మోనియాను వదిలించే సీపీఎస్1 ఎంజైము లేదు. ఫిలడెల్ఫియాలో రెబెకా ఆరెన్స్ నిక్లస్, కిరణ్ ముసునూరు బృందం ఆ ఒక్క బిడ్డ జన్యువులోని తప్పును సరిచేసే మందును ఆరు నెలల్లో తయారుచేసి, 2025 ఫిబ్రవరిలో మొదటి డోసు ఇచ్చింది. ఆ పేపరు వచ్చిన రోజు మా ల్యాబులో ఎవరూ పని చేయలేదు, దాన్నే బయటికి గట్టిగా చదువుకున్నాం. ఈ పనిలో ఎన్నేళ్లున్నా అలాంటి రోజులు ఎక్కువ రావు.

కానీ గమనించండి, కేజే విషయంలో జబ్బు ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. పుట్టిన కొద్ది రోజులకే అమ్మోనియా ఆకాశానికంటింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లో లక్ష మంది నవజాత శిశువుల పూర్తి జన్యుపటం చదివి 200కు పైగా జబ్బుల కోసం వెతికే పరిశోధన నడుస్తోంది. నాకు అభ్యంతరం లేదు, అలా లెక్క తీస్తేనే ఆసుపత్రి గేటు దాటి బయటికి వస్తాం. అయితే అక్కడ ఏడుస్తూ, అమ్మోనియా పెరుగుతూ వచ్చిన బిడ్డలుండరు. నిద్రపోతున్న బిడ్డ, పక్కన ఒక అక్షరం మారిన రిపోర్టు. ఆ అక్షరాన్ని సరిదిద్దే సామర్థ్యం కూడా చేతికొచ్చాక, సరిదిద్దాలా వద్దా అన్నది తేల్చాల్సింది మాలాంటి వాళ్లమే. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ స్క్రీనింగ్‌కు పది సూత్రాలు రాశారు. వాటిలో రెండు మా గోడ మీద అంటించి ఉన్నాయి. జబ్బు సహజంగా ఎలా నడుస్తుందో ముందు తెలిసి ఉండాలి. ఎవరిని రోగిగా చూడాలో ముందే ఒప్పుకుని ఉండాలి. ఏ కొత్త జబ్బును జాబితాలో చేర్చమని ఎవరొచ్చినా నేను ఆ రెండింటినీ చూపిస్తాను. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వచ్చినప్పుడు మాత్రం వేలు చూపించి మాట్లాడటం రాదు, వాళ్ల ముందు కూర్చుని మొత్తం వింటాను. వాళ్లు అడిగేది న్యాయమే. మా దగ్గర జవాబు లేకపోవడమే సమస్య.

ఆ జవాబు తయారయ్యేది ఫాలోఅప్‌లలో. మీ బిడ్డ పుట్టినప్పుడు ఏదో ఒక అంకె తేడా వచ్చి, తర్వాత బాగానే ఉన్నాడని మీరు మా సంగతే మర్చిపోయి ఉంటే, మాకు ఎక్కువ అవసరమైనవాళ్లు మీరే. ఇల్లు మారితే కొత్త నంబరు మీ స్క్రీనింగ్ సెంటరుకు చెప్పండి. ఏడాదికోసారి ఫోన్ వస్తే ఎత్తండి. మాకు పెద్ద టైమ్ అక్కర్లేదు, "వాడా, ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, తర్వాత చేయండి" అని పెట్టేసినా సరే. అది కూడా రాసుకుంటాం.